గంప అడుగు కాయ

ఇస్లాహ్ అనే లఫ్జ్ మన ఇళ్లల్లో కొత్తది కాదు. నిఘంటువు తీస్తే దిద్దుబాటు, సంస్కరణ అని ఉంటుంది. షాయరీ దునియాలో దానికి ఇంకాస్త ఖాస్ మతలబ్ ఉంది. షాగిర్ద్ గజల్ రాసి ఉస్తాద్ ముందు పెడతాడు. ఉస్తాద్ ఒక మాట కొట్టేస్తాడు, ఒక మిస్రా తిరగరాస్తాడు, ఒక్కోసారి షేర్ మొత్తాన్ని తీసి పక్కన పడేస్తాడు. షాగిర్ద్ సలాం చేసి కాగితం తీసుకుంటాడు. అదీ ఇస్లాహ్.

దీనికోసం ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండాలని ఏం లేదు. గాలిబ్ ఢిల్లీలో కూర్చుని మున్షీ హర్‌గోపాల్ తఫ్తా రాసిన కలామ్‌ను ఖత్‌ల మీదనే దిద్దేవారు. ఎందుకు దిద్దారో కూడా రాసేవారు. ఆ ఖత్‌లు ఇవాళ ఉర్దూ వచనానికే ఒక ఖజానా. దాగ్ దెహెల్వీ మన హైదరాబాద్‌లో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్. దూరదూరాల నుంచి షాగిర్దులు ఆయనకు డాక్‌లో గజళ్లు పంపేవాళ్లు. పంజాబ్ నుంచి అలా పంపిన కుర్రవాళ్లలో ఇక్బాల్ ఒకరు. కొన్నాళ్లకే దాగ్, నీ కలామ్‌కు ఇక ఇస్లాహ్ జరూరత్ పెద్దగా లేదని చెప్పేశారంటారు. దాగ్ 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

నూరేళ్లు దాటాక అదే పని ఇంకో చోట, ఇంకో జబాన్‌లో, ఇప్పటికీ డాక్ మీదనే నడుస్తోందని నాకు మా భాంజా వల్ల తెలిసింది. ఈ డాక్ ఈ-మెయిల్. అక్కడ దిద్దేది గజల్‌ను కాదు, కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను.

మా ఆపా వాళ్లది జి. కొండూరు. మొన్న మొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఒక పక్క కొండపల్లి, ఒక పక్క మైలవరం, ఆ పైన నూజివీడు. ఎటు చూసినా మామిడి. దూలాభాయ్ పూత మీద తోటలు కొంటారు. అంటే కొమ్మల మీద ఇంకా పూతే ఉండగా, కాయ ఎంత దిగుతుందో అల్లాకే తెలియాల్సిన వేళ, రైతుకు ఇంత అని మాట ఇచ్చి తోట తీసుకోవడం. తేనెమంచు పురుగు పడినా, గాలివాన వచ్చినా నష్టం ఆయనదే. ముప్పై ఏళ్లుగా అదే రోజీ రోటీ. చిన్నరసం, బంగినపల్లి, కలెక్టర్ కాయ, దేన్నైనా తొడిమ చూసి చెప్పగలరు.

వాళ్ల పెద్దబ్బాయి ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ పండ్లు మాగబెట్టే గదులకు కంట్రోల్ పెట్టెలు తయారు చేస్తుంది. కార్బైడ్‌తో కాయ మాగబెట్టడం మన దేశంలో చట్టరీత్యా నేరం. దాని బదులు ఇథిలీన్ వాయువు వదిలే గదులు వచ్చాయి. వాటిలో వేడీ తేమా ఒక కొలతలో ఉండాలి. ఆ కొలత చెప్పేది జొన్నగింజంత సెన్సర్. ఆ సెన్సర్ మాట కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసేది డ్రైవర్. మావాడు రాసింది ఆ డ్రైవరే.

ఇక్కడ ఒక ముక్క వివరంగా చెప్పాలి. కంప్యూటర్‌లో కెర్నల్ అని ఒకటి ఉంటుంది. మనం వాడే యాప్‌లన్నీ పైన ఉంటాయి, మెమరీ, డిస్క్, స్క్రీన్, సెన్సర్ల లాంటి సామాను కింద ఉంటుంది, మధ్యలో అందరికీ హుకుం చెప్పే ముంతజిమ్ కెర్నల్. లైనక్స్ అనే కెర్నల్‌ను 1991లో ఫిన్లాండ్ స్టూడెంట్ లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అప్పుడతనికి 21 ఏళ్లు. ఇవాళ మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది అదే. దాన్ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు చేసి పంపొచ్చు. ఆ మార్పును ప్యాచ్ అంటారు. కోట్ల వరుసల ఆ ప్రోగ్రామ్‌లో సగానికి పైగా డ్రైవర్లే.

యాప్‌లో తప్పుంటే ఆ యాప్ ఒక్కటే ఆగిపోతుంది. డ్రైవర్ కెర్నల్ లోపలే నడుస్తుంది గనక, దానిలో తప్పుంటే మెషిన్ మొత్తం కూలిపోవచ్చు. అందుకే ప్యాచ్ పంపగానే తీసుకోరు. ఆ భాగానికి జిమ్మేదారీ ఉన్న మెయింటైనర్, ఇంకా ఆసక్తి ఉన్న ఎవరైనా, దాన్ని వరుస వరుసా చదివి, అభ్యంతరాలు రాస్తారు. అందరూ చూస్తుండగా రాస్తారు. ఆ ఉత్తరాలు ఎప్పటికీ చెరిగిపోవు.

కంపెనీలో పైవాడు మా భాంజాతో అన్నాడట, ఈ డ్రైవర్ మన దగ్గరే ఉంచుకుంటే కెర్నల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మనమే మళ్లీ మళ్లీ మరమ్మతు చేసుకోవాలి, అసలు కెర్నల్‌లోకి ఎక్కిస్తే ఆ తలనొప్పి ఉండదు, నువ్వే పంపు అని. పంపాడు. అప్పుడు తోటల్లో పూత. నాలుగో రోజుకు జవాబొచ్చింది. పదిహేడు అభ్యంతరాలు.

ఆపా ఫోన్ చేసింది. "తమ్ముడూ, వీడు అన్నం తినట్లేదురా. ఎవరో ఫిరంగీ ఏదో రాశాడంట. నౌకరీ వద్దు, అబ్బా దగ్గర తోటల్లో చేస్తానంటున్నాడు. నువ్వొచ్చి కాస్త మాట్లాడు."

ఆదివారం వెళ్లాను. ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. నాకు ప్రోగ్రామ్ రాదు. కానీ ఉత్తరం చదవడం వచ్చు, ఇరవై ఏళ్లకు పైగా అదే పని. ఉత్తరంలో పలకరింపు లేదు, ముగింపులో మర్యాద లేదు. మావాడి వరుసలు ఎత్తి రాసి, ఒక్కోదాని కింద రెండు మూడు మాటలు. ఇది తప్పు. ఇది వద్దు. ఎందుకు? ఒక చోట ఒట్టి ప్రశ్నార్థకం.

మన తెహజీబ్‌లో పెరిగినవాడికి అది చెంపదెబ్బే. మనవాళ్లు అప్పు వసూలుకు వెళ్లినా ముందు ఖైరియత్ అడుగుతారు. ఉర్దూలో అయితే "గుస్తాఖీ మాఫ్" అనకుండా ఎదుటివాడి మిస్రాను ముట్టుకోరు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "మామూ, నా నామ్ చూసి అలా రాశాడంటావా?"

ఈ ప్రశ్న మన పిల్లల్లో ఎంతమంది నోట్లో నలుగుతోందో మీకు తెలుసు. అడగకుండా మింగేవాళ్లే ఎక్కువ. ప్యాచ్ కింద పంపినవాడు సైన్డ్-ఆఫ్-బై అని తన పేరు పెట్టి దస్తఖత్ చేయాలి. ఇది నేనే రాశాను, ఇచ్చే హక్కు నాకుంది అని ఆ దస్తఖత్‌కు అర్థం. 2004లో పెట్టిన ఖాయిదా అది. కాబట్టి మావాడి పేరు, పేరులోని మన నిశానీ, అందరికీ కనిపిస్తూనే ఉంది.

"ఛీ, అలాంటిదేం ఉండదు" అని కొట్టిపారేయడం నాకు చేతకాదు. ఉండే చోట ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి నేను పత్రికలో చేరిన రోజుల్లో డెస్కులో ఇద్దరు సీనియర్లు ఉండేవాళ్లు. ఇద్దరూ నా కాపీ ఎర్రగా చేసేవాళ్లే. ఒకాయన వాక్యం చూసి దిద్దేవారు. ఇక్కడ కర్త ఎవరు, ఈ అంకె ఎవరు చెప్పారు, ఈ పేరా పైకి ఎందుకు రాలేదు అని అడిగేవారు. ఇంకొకాయన పైన పేరు చూసి దిద్దేవారు. కాపీ చదవకముందే "సాయిబు తెలుగు వచ్చింది" అని నవ్వేవారు. ఎరుపు ఇద్దరిదీ ఒకటే. తేడా తెలుసుకోవడానికి నాకు ఒక తరకీబ్ ఉండేది. మిగతావాళ్ల కాపీలు వాళ్లు ఎలా దిద్దుతున్నారో చూసేవాణ్ణి. మొదటాయన అందరినీ అలాగే అడిగేవారు. రెండో ఆయన నవ్వు నాకూ, వాడవాడల నుంచి వచ్చిన ఇంకో ఇద్దరికీ మాత్రమే ఖాస్.

అదే మావాడితో చెప్పాను. "నువ్వు అనుకోవడం, నేను కాదనడం రెండూ గాలి మాటలు. ఆ మనిషి వేరేవాళ్లకు ఏం రాశాడో కనిపిస్తుందా?"

"అన్నీ కనిపిస్తాయి మామూ. పాతవన్నీ ఉంటాయి."

"అయితే తీయి."

గంటన్నర కూర్చున్నాం. గత ఆర్నెల్లలో ఆ మనిషి ఇచ్చిన జవాబులు తిరగేశాం. పెద్ద పెద్ద చిప్ కంపెనీల ఇంజినీర్లకు, జర్మన్ పేర్లవాళ్లకు, చైనా పేర్లవాళ్లకు, పదేళ్లుగా ప్యాచ్‌లు పంపుతున్నవాళ్లకు, అందరికీ అదే ధోరణి. ఇది తప్పు. ఇది వద్దు. ఎందుకు? ఒక పేరున్న కంపెనీవాడికి మావాడికంటే గట్టిగా తగిలింది. మావాడి మొహంలో రంగు కొంచెం కొంచెంగా మారింది.

విజయవాడలో కిరాయి ఇల్లు అడిగితే, పేరు చెప్పాక "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. అది నిజమో బహానానో మనకు రుజువు దొరకదు. ఆ అనుమానం జిందగీ అంతా మనతోనే నడుస్తుంది. ఇక్కడ అలా కాదు. తరాజు అందరి ముందూ ఉంది, ఎవరికి ఎంత తూచారో చూసుకోవచ్చు. అందరి ముందు దిద్దడం వల్ల సిగ్గు అనిపిస్తుంది నిజమే. కానీ అందరి ముందు దిద్దడం వల్లనే ఇన్సాఫ్ ఉందో లేదో కూడా తెలుస్తుంది. నాలుగు గోడల మధ్య ప్రేమగా చెప్పి పంపే చోట్ల ఆ సౌకర్యం లేదు.

పేరు సంగతి తేలింది గనక ఇక మిగిలింది పదిహేడు అభ్యంతరాలు. ఒక్కోటి నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్తూ చెప్తూ వాడికే అర్థం కావాలని నా ఇరాదా.

కొన్ని చిన్నవి. సెన్సర్ తయారుగా అయ్యేదాకా 15 మిల్లీ సెకన్లు ఆగాలి. మావాడు ఆగిన తీరు ఎలా ఉందంటే, ప్రాసెసర్ ఇంకే పనీ చేయకుండా ఊరికే తిరుగుతూ లెక్కపెడుతుంది. నిద్రపుచ్చే పద్ధతి వాడితే ఆ సమయంలో ఇంకొకరి పని జరుగుతుంది కదా అన్నాడు ఆ మనిషి. ఇంకొకటి, ఉష్ణోగ్రతను కెర్నల్ ఖాయిదా ప్రకారం డిగ్రీలో వెయ్యోవంతు లెక్కన ఇవ్వాలి, 28 డిగ్రీలంటే 28000. మావాడు పదోవంతు లెక్కన ఇచ్చాడు. ఒకసారి జనం వాడుకలోకి వెళ్లిన కొలతను తర్వాత మార్చడానికి కెర్నల్‌వాళ్లు ఒప్పుకోరు, దాన్ని నమ్ముకున్న ప్రోగ్రామ్‌లు పాడవుతాయి గనక. అందుకే మొదట్లోనే పట్టు. మరొకటి, మొదలుపెట్టేటప్పుడు మూడు పనులు చేయాలి, మూడోది ఫెయిలైతే మొదటి రెండూ వెనక్కి తీయకుండా వచ్చేస్తున్నాడు. ఇంట్లోంచి మధ్యలో బయటికి పోతూ మోటార్ ఆఫ్ చేయనట్టు.

తొమ్మిదో అభ్యంతరం దగ్గర దూలాభాయ్ తోట నుంచి వచ్చి, మోహం కడుక్కుని మా పక్కన కూర్చున్నారు.

ఆ సెన్సర్ అంకె పంపేటప్పుడు దాని వెనక ఒక చిన్న గుర్తు కూడా పంపుతుంది. దారిలో అంకె చెడిపోయిందో లేదో ఆ గుర్తుతో పోల్చి చూసుకోవచ్చు. చెడిపోయిందని తేలితే మావాడి డ్రైవర్ ఏం చేస్తోందంటే, అంతకుముందు వచ్చిన అంకెనే మళ్లీ ఇచ్చేస్తోంది. ఆ మనిషి దాని కింద రాసిన ప్రశ్న ఇది: చదవడం కుదరనప్పుడు కుదరలేదని ఎందుకు చెప్పడం లేదు?

"పాత అంకె ఇస్తే ఏం పోయింది మామూ, గది వేడి క్షణంలో మారదు కదా" అన్నాడు మావాడు.

దూలాభాయ్‌కి ప్రోగ్రామ్ తెలియదు. కానీ గది తెలుసు. "వైరు తెగిపోయిందనుకో," అన్నారు, "అప్పుడు రాత్రంతా పాత అంకే చూపిస్తుందా?"

మావాడు జవాబు చెప్పలేదు.

"రాత్రంతా 22 అని చూపిస్తుంది. లోపల 32 ఉంటుంది. తెల్లారి తలుపు తీస్తే ఐదు టన్నుల బంగినపల్లి ఉడికిపోయి ఉంటుంది. మెషిన్ తెలీదంటే లేచి చూసుకుంటాం. తెలుసని ఝూట్ చెప్తే ఎలా బేటా?"

తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. ఆ మాట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. "నున్న మార్కెట్లో ఇరవైమంది మన సరుకు ముందు నుంచి నడిచిపోతారు. పై కాయ చూసి బాగుంది భాయ్ అంటారు, పోతారు. ఒకడుంటాడు. గంప అడుగుదాకా చెయ్యి పెట్టి అడుగు కాయ తీస్తాడు. తొడిమ చూస్తాడు, వాసన చూస్తాడు, దీనికి మంగుంది అంటాడు, ఇది చిన్నదంటాడు. కొత్తలో నాకు గుస్సా వచ్చేది. మా అబ్బా చెప్పారు, వాడు దుష్మన్ కాదురా, కొనే ఇరాదా ఉన్నవాడు వాడొక్కడే అని. కొననివాడికి అడుగు కాయతో ఏం పని?"

మావాడు మళ్లీ ఆ ఉత్తరం తీశాడు. పదిహేడు అభ్యంతరాలు రాయాలంటే నాలుగొందల వరుసలూ చదవాలి. సెన్సర్ కంపెనీ ఇచ్చిన కాగితాలు కూడా తీసి చూసి ఉండాలి. జీతం ఇవ్వని, మొహం తెలియని మనిషి కోసం ఎవరో ఆ పని చేశారు.

ఆ రాత్రి జవాబు రాయడానికి కూర్చున్నాడు. మొదటి ముసాయిదాలో "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి ఐదు వరుసలు మాఫీలు, నేను కొత్తవాణ్ణి, చిన్న ఊరివాణ్ణి అని. నేను చూసి, ఇవి తీసెయ్యి అన్నాను. మాఫీ అడిగితే ఎదుటివాడు మాఫ్ చేయాలి, లేకపోతే ఇబ్బంది పడాలి. ఆయన అడిగింది మాఫీ కాదు, పాత అంకె ఎందుకు ఇస్తున్నావని. దానికి జవాబు కావాలి. అలాగే కోపంతో రాసే సఫాయీ కూడా జవాబు కాదు. తగ్గిపోవడమూ ఎగిరిపడటమూ రెండూ మాటను ప్యాచ్ మీద నుంచి మన మీదకు తెచ్చుకోవడమే.

కెర్నల్‌తో పాటు వచ్చే కాగితాల్లోనే ప్యాచ్ పంపేవాళ్లకు హిదాయత్‌లు ఉన్నాయి. వాడు చదివి వినిపించాడు. సమీక్ష చేయడం అలసట పుట్టించే పని, చేసేవాళ్లు ఒక్కోసారి చిరాకు పడతారు, అయినా మీరు మర్యాదగానే జవాబివ్వండి, ఎత్తి చూపిన సమస్య తీర్చండి అని రాసి ఉంది. ఏ అభ్యంతరాన్నీ జవాబు లేకుండా వదలొద్దని కూడా. జవాబు కూడా ఉత్తరం పైన ఒక ముద్దగా కాదు, ఒక్కో అభ్యంతరం కిందే రాయాలి. రంగులూ బొమ్మలూ లేని సాదా అక్షరాల్లో రాయాలి. గాలిబ్ కాలంలో హాషియాలో రాసుకున్నట్టే.

అలా రాశాడు. ఒప్పుకున్న చోట ఒక్క వరుస, సరే, మారుస్తాను. అర్థం కాని రెండు చోట్ల, మీ మాటను నేను ఇలా అర్థం చేసుకున్నాను, సరేనా అని అడిగాడు. పైన సలాం బదులు చూసినందుకు షుక్రియా, అంతే.

ఒక్క చోట మాత్రం వాడు ఒప్పుకోలేదు. రీసెట్ చేశాక కాసేపు ఆగడం అనవసరం, తీసెయ్యమన్నాడు ఆ మనిషి. మావాడు బోర్డు మీద పెట్టి చూశాడు, ఆగకపోతే పదిసార్లలో రెండుసార్లు సెన్సర్ పలకడం లేదు. "పెద్దాయన చెప్పాడు కదా, తీసేస్తే పోదా?" అంది ఆపా. మన ఇళ్లల్లో అదే నేర్పుతాం, పెద్దల మాటకు ఎదురు చెప్పొద్దని. నేను వద్దన్నాను. తప్పని తెలిసీ తలూపడం అదబ్ కాదు, ఖుషామద్. వాడు తాను చూసింది రాశాడు, సెన్సర్ కాగితాల్లో ఆ సమయం ఏ పట్టికలో ఉందో రాశాడు, ఇది ఉంచాలని నా అభిప్రాయం అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ ముక్కకు వచ్చిన జవాబు: సరే, ఉంచు, కానీ ఎందుకు ఉంచావో పక్కన రాయి. దీనికీ ఒక ఉసూల్ ఉందట. సమీక్షకుడు అడిగిన ప్రశ్న వల్ల ప్రోగ్రామ్ మారకపోయినా, ఆ ప్రశ్నకు జవాబు అక్కడ వ్యాఖ్యగా ఉండాలి. ఇవాళ ఒకరికి వచ్చిన షక్ రేపు ఇంకొకరికీ వస్తుంది గనక.

రెండో వెర్షన్ వెంటనే పంపలేదు. కనీసం వారం ఆగాలని ఖాయిదా, వేరేవాళ్లు కూడా చూడటానికి. ఈలోగా ఒక్క పెద్ద ప్యాచ్‌ను రెండుగా విడగొట్టాడు, సెన్సర్ వివరాలు ఒకటి, డ్రైవర్ ఒకటి. పంపేటప్పుడు మూడు గీతల కింద, మొదటిదానికీ దీనికీ ఏం మారిందో, ఎవరు చెబితే మారిందో వరుసగా రాశాడు. పిందె పడే రోజులకు రెండో వెర్షన్‌కు ఆరు అభ్యంతరాలు వచ్చాయి. మూడోదానికి రెండు. మధ్యలో మూడు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. అభ్యంతరాలకంటే ఆ ఖామోషీ వాడికి ఎక్కువ కష్టమైంది. ప్రతి రెండు నెలలకోసారి కొత్త కెర్నల్ వస్తుంది, అది వచ్చిన వెంటనే రెండు వారాలు మెయింటైనర్లు పోగుచేసిన పనిని పైకి పంపడంలో తలమునకలై ఉంటారు, అప్పుడు కొత్తవి చూడరు. సబర్ అంటే ఊరికే కూర్చోవడం కాదు, ఎప్పుడు తలుపు తట్టకూడదో తెలియడం కూడా అని దూలాభాయ్‌కి చెప్పక్కర్లేదు. పూత మీద తోట కొన్న మనిషి.

నాలుగో వెర్షన్ తీసుకున్నారు. అప్పటికి మొదటి కోత బంగినపల్లి మార్కెట్‌కు వెళ్తోంది. మావాడి దస్తఖత్ కింద ఆ కరకు మనిషి రివ్యూడ్-బై అని తన పేరు పెట్టాడు. దాని కింద మెయింటైనర్ దస్తఖత్. చేతులు మారిన కొద్దీ పేర్లు చేరతాయి. ఉస్తాద్‌ల సిల్సిలా రాసుకునే అలవాటు ఉన్నవాళ్లం, ఆ వరుస చూడగానే మనకు అర్థమవుతుంది. చదివినవాడు కూడా తన పేరు పణంగా పెట్టాడన్నమాట. దూలాభాయ్‌కి చూపిస్తే మొదట అడిగింది, "ఎన్ని పైసలిస్తారు?" ఏమీ ఇవ్వరని తెలిసి, కాసేపాగి, "పాత అంకె చూపించడం మానేసిందిగా?" అన్నారు.

ఆ దునియా అంతా ఫరిష్తాలదే అని చెప్పను. అక్కడ కరకుతనం పేరుతో బేఇజ్జతీ చాలా ఏళ్లు నడిచింది. లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా జనాన్ని తిట్టడంలో మషూర్. 2018 సెప్టెంబర్‌లో ఆయన తన ప్రవర్తనకు అందరి ముందూ మాఫీ అడిగి, కొన్ని వారాలు పని నుంచి తప్పుకున్నాడు. ఆ నెలలోనే కెర్నల్‌కు నడవడిక నియమావళి ఒకటి వచ్చింది. మరో పక్క, వాళ్లు అంత షక్‌తో చదవడానికీ వజహ్ ఉంది. 2021లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు, పట్టుకుంటారో లేదో చూద్దామని కావాలనే తప్పులున్న ప్యాచ్‌లు పంపారన్న సంగతి బయటపడి, ఆ యూనివర్సిటీ నుంచి వచ్చేవన్నీ ఆపేశారు. పైకి మంచిగా కనిపించే కాయల గంపలోనే కదా అడుగున చెయ్యి పెట్టాల్సింది.

కాబట్టి పిల్లలకు నేను చెప్పేది, ఎవరేమన్నా పడండి అని కాదు. దిద్దేవాడు దేన్ని దిద్దుతున్నాడో చూడమని. రాసినదాని మీద ఎంత గట్టిగా అన్నా విను, జవాబు చెప్పు, ఒప్పుకోకపోతే రుజువుతో ఒప్పుకోకు. రాసినవాడి మీద అంటే, వాడి పుట్టుక మీద, వాడి పేరు మీద అంటే, అది ఇస్లాహ్ కాదు. అది వినాల్సిన జరూరత్ నీకు లేదు. ఈ రెంటినీ కలిపేసుకుంటే రెండు రకాల నుక్సాన్. ఒకటి, జుల్మ్‌ను ఇస్లాహ్ అనుకుని తల వంచుతాం. రెండు, ఇస్లాహ్‌ను జుల్మ్ అనుకుని తలుపు వేసుకుంటాం. మన బస్తీల్లో ఈ రెండోదాని వల్ల ఆగిపోయిన పిల్లలు కూడా తక్కువేం కాదు.

అమ్మీ అబ్బాలకు కూడా ఒక అర్జ్. పిల్లవాడు దెబ్బ తిని ఇంటికొస్తే "వదిలెయ్, మనకెందుకు" అనడం మన ముహబ్బత్. కానీ ఒక గంట కూర్చుని, ఏం రాశారో చదివి వినిపించమనండి. మీకు కంప్యూటర్ తెలియనక్కర్లేదు. దూలాభాయ్‌కి తెలిసింది మామిడికాయే, తొమ్మిదో అభ్యంతరం సరైందని మొదట చెప్పింది ఆయనే.

ఆ డ్రైవర్ ఎదురుగా ఇప్పుడు కెర్నల్‌లో మావాడి పేరుంది. దానికి ఎవరు మార్పు పంపినా ఒక కాపీ వాడికి వస్తుంది. మొన్న ఎవరో కొత్త కుర్రవాడు పంపాడట. అందులో ఒక చోట, చదవడం కుదరనప్పుడు సున్నా ఇచ్చేస్తున్నాడట. మావాడు ఫోన్ చేసి, "మామూ, ఒట్టి 'ఎందుకు' అని రాసేశాను, పంపబోయి ఆగాను" అన్నాడు. తర్వాత ఆ ఎందుకు కింద ఇంకో రెండు వరుసలు చేర్చాడట: సున్నా కూడా ఒక ఉష్ణోగ్రతే, చలి గదుల్లో అది నిజంగానే రావచ్చు, వాడుకునేవాళ్లకు తేడా తెలియదు, అందుకే లోపం ఉందని చెప్పు అని. 'ఎందుకు' మాత్రం తీయలేదట.